గోవిందా... పంటినొప్పి!

రాత్రి రెండు గంటలు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులు కాస్త కన్ను మూసేది ఆ వేళలోనే. పూల అంగళ్ల మీద పట్టాలు కప్పి ఉంటాయి. స్టేషన్ వైపు నుంచి ఓ రైలు కూత. కర్నాల వీధిలోనో, తీర్థకట్ట వీధిలోనో ఓ పాత మిద్దె ఇంట్లో మాత్రం లైటు వెలుగుతుంటుంది. లోపల ఓ పెద్దావిడ దవడ పట్టుకుని కూర్చుని ఉంటుంది. పడుకుంటే నొప్పి రెట్టింపు. కూర్చుంటే ఓ పిసరు నయం. లవంగం నమలడం అయింది. ఉప్పునీళ్లు పుక్కిలించడం అయింది. బుగ్గ మీద అమృతాంజనం రాయడమూ అయింది. 'కొంచెం ఓర్చుకోండత్తా... తెల్లారగానే పిలుచుకోని పోతాం' అంటుంది కోడలు.

ఆ తెల్లారేది ఆదివారమైతే? అక్కడ మొదలవుతుంది అసలు కథ!

పగలంతా సలుపుతూ ఊరుకున్న పన్ను రాత్రే ఎందుకు విజృంభిస్తుంది? పంటి లోపల ఉండే మెత్తటి గుజ్జులో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. పిప్పి అక్కడి దాకా వెళితే అది వాస్తుంది. చుట్టూ రాయిలాంటి గోడ. వాపుకు చోటు లేదు. పడుకోగానే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి ఆ ఇరుకు మరింత ఇరుకవుతుంది. ఇక లవంగం సంగతి. అందులోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. అందుకే దంతవైద్యులు కూడా తాత్కాలికంగా పన్ను పూడ్చే మందులో దాన్ని వాడతారు. అయితే లవంగనూనెను చిక్కగా అలాగే పోస్తే చిగురు బొబ్బలెక్కుతుంది. మాత్రను నూరి పంటి పక్కన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆస్ప్రిన్‌ అలా పెడితే చిగురు కాలుతుంది. అప్పుడు నొప్పులు రెండు!

ఈ వీధులు ఊరేగింపుల కోసం పుట్టినవి. పన్నెండో శతాబ్దంలో రామానుజాచార్యులు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని చెబుతారు. గుడి చుట్టూ మాడవీధులు, వాటి చుట్టూ ఊరు. కింద అంగడి, పైన కాపురం. బేరి వీధి, చిన్నబజారు వీధుల్లో ఓ ఆటో ఎదురైతే ఇంకో ఆటో వెనక్కి పోవాల్సిందే. వైశాఖంలో స్వామి బ్రహ్మోత్సవాలు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ రోజుల్లో పన్ను నొప్పెట్టినవాళ్లు వేషాల మధ్య నుంచి, వాహనసేవ వెనక నుంచి నడిచి వెళ్లాల్సిందే. బుగ్గ వాచిన మనిషిని చూసి జాతరలో అదీ ఓ వేషమే అనుకున్నా ఆశ్చర్యం లేదు.

వైద్యులకు మాత్రం ఈ పేటల్లో కొదవ లేదు. నాలుగు కాళ్ల మండపం నుంచి గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, ప్రకాశం రోడ్డు, అటు భవానీనగర్, బైరాగిపట్టెడ దాకా తలెత్తి నడిస్తే పళ్ల బొమ్మ వేసిన బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కువగా మేడ మీదే. నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు పన్ను కంటే ఆ మెట్లే భయం. ఇంకో చిక్కు వేళలది. ఉదయం పూట ఓ విడత, మధ్యాహ్నం మూత, సాయంత్రం మరో విడత. ఆదివారం చాలావాటికి తాళం. పైగా ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. తెరిచి ఉన్న వైద్యుడు దొరికినా 'ఆరు దాటినాక పోదాంలే' అని ఇంట్లో కూర్చునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. రాత్రంతా ఏడ్చిన పన్ను ఆ గంటన్నర కూడా ఏడుస్తుంది.

మరి ఆదివారం దారి చూపేదెవరు? మెడికల్ షాపు. ఏ వైద్యుడు ఊళ్లో ఉన్నాడు, ఎవరి ఆసుపత్రి వెనకే ఇల్లు ఉంది, ఎవరు ఫోను చేస్తే కిందికి దిగొస్తారు... ఈ లెక్కంతా అంగడాయన నోట్లో ఉంటుంది. 'మాత్ర ఇస్తా గానీ సామీ, ఇది మాత్రతో పోయేది కాదు' అని చెప్పే అంగడాయన దొరకడం అదృష్టమే. చాలామంది అడిగేది 'రెండు నొప్పి మాత్రలు, రెండు యాంటిబయాటిక్' అనే. నొప్పి తగ్గుతుంది. పన్ను మరిచిపోతారు. నెల తర్వాత అదే పన్ను మళ్లీ లేపుతుంది. చీముకు మూలం పంటిలో ఉన్నంతకాలం మాత్ర దాన్ని అణచగలదే గానీ తీయలేదు. పన్ను తెరిచి రూట్ కెనాల్ చేయాలి, లేదంటే పీకాలి.

అదే రోజు అన్నీ అయిపోవాలని కూడా లేదు. చాలా సందర్భాల్లో పన్ను తెరిచి లోపలి ఒత్తిడి తీసి, తాత్కాలికంగా పూడ్చి పంపితే ఆ రాత్రి నిద్ర పడుతుంది. మిగతాది మరో రెండు మూడు రోజులు తిరిగితే సరి. వెళ్లేటప్పుడు బీపీ, షుగర్ మాత్రల చీటీ వెంట తీసుకెళ్లాలి. రక్తం పలచబడే మందు వాడుతుంటే అది ముందే చెప్పాలి. శనివారం ఒక్కపొద్దు ఉన్న కడుపుతో కుర్చీ ఎక్కకూడదు. ఖర్చెంతో కూడా ముందే అడగొచ్చు. అందులో మొహమాటానికి ఏమీ లేదు.

కొన్నిటికి మాత్రం మెడికల్ షాపూ వద్దు, మేడ మెట్లూ వద్దు. దవడ కింద వాపు మెడకు దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేకపోతున్నా, జ్వరంతో ఊపిరి బరువైనా నేరుగా అలిపిరి రోడ్డులోని రుయాకు ఆటో ఎక్కాలి. 1962లో మొదలైన ఆ పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీకి ఆదివారం లేదు, అర్ధరాత్రి లేదు. పంటి చీము గొంతు చుట్టూ పాకితే ఊపిరి దారినే మూసేయగలదు. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ఈ జబ్బును 1836లోనే వర్ణించాడు. పన్నేగా అని తెల్లారేదాకా ఆగిన ఇళ్లలో దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మామూలు పంటి వైద్యానికైతే ప్రభుత్వాసుపత్రి ఓపీ పనిరోజుల్లోనే. రేణిగుంట రోడ్డులో సీకేఎస్ తేజ దంతవైద్య కళాశాల ఉంది. అదీ పనిరోజుల మాటే.

కొండ ఎక్కేవాళ్ల కష్టం మరోరకం. అలిపిరి దారిలో మెట్లు 3,550. పిల్లలు పోటీపడి పరుగెత్తుతారు. జారితే ముందు తగిలేది పై ముందుపళ్లే. పన్ను వేరుతో సహా ఊడి చేతికొస్తే తల్లులు చేసే మొదటి పని దాన్ని కొంగుతో గట్టిగా తుడవడం. అదే చేయకూడదు. వేరు మీద ఉండే సన్నటి పొర బతికుంటేనే పన్ను మళ్లీ అతుక్కుంటుంది. తెల్లగా కనిపించే పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే నీళ్లలో ఒక్కసారి ఆడించి, వీలైతే ఆ గుంతలోనే తిరిగి కూర్చోబెట్టాలి. వీలు కాకపోతే పాలలో వేయాలి. దారిలో టీ అంగడి ఉంటే కాచని చల్లటి పాలు ఓ గ్లాసు అడిగితే చాలు. అరగంటలో వైద్యుడిని చేరితే ఆశ ఎక్కువ. గంట దాటేకొద్దీ తగ్గిపోతుంది. పాలపళ్లకు మాత్రం ఈ హడావుడి అక్కర్లేదు. వాటిని మళ్లీ పెట్టరు. పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసరడమే వాటి మర్యాద!

ఇక పెద్దవాళ్ల పన్నుకు గండం కొండ దిగాక లడ్డూలో ఉంటుంది. అందులో జీడిపప్పు మెత్తనే గానీ, కలకండ పలుకు గట్టిది. పాత పూడిక ఉన్న పన్ను దాని మీద పడిందా... గోవిందా! రాత్రి రైలుకు టిక్కెట్టు ఉన్న యాత్రికుడికి ఊళ్లో ఎవరూ తెలియదు. సత్రం గుమాస్తానో, ఆటో అన్నో దిక్కు. విరిగింది కొసేనా, నరం బయటపడిందా అన్నది వైద్యుడు చూస్తే తెలుస్తుంది. కొస మాత్రమే విరిగి నొప్పి లేకపోతే రైలెక్కి సొంతూళ్లో చూపించుకోవచ్చు.

చిత్తూరు వాసుల దారి వేరు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, పంటి విషయంలో చిత్తూరు చూపు ముందునుంచీ దక్షిణానికే. సంతపేట, మిట్టూరు, గ్రీమ్స్‌పేటల్లో పాత వైద్యులున్నా, పెద్ద కష్టమొస్తే చాలామంది వేలూరు బస్సెక్కుతారు. 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన సీఎంసీ అక్కడ ఉంది. గంట ప్రయాణం. సరిహద్దు ఊళ్లలో సగం తెలుగు, సగం అరవం మాట్లాడేవాళ్లకు ఎటువైపు వెళ్లినా మూలుగు అర్థమవుతుంది.

మళ్లీ తీర్థకట్ట వీధికి వద్దాం. మెడికల్ షాపాయన ఫోను చేశాడు. పదకొండు గంటలకు వైద్యుడు తలుపు తీశాడు. కుర్చీ ఎక్కాక పెద్దావిడ నోరు తెరవదు. 'పైపన్ను పీకితే కంటిచూపు పోతుందంట కదా నాయనా?' అని అడుగుతుంది. పంటి నరం వేరు, కంటిచూపు నరం వేరు అని ఆయన రోజుకోసారైనా చెప్పే మాటే మళ్లీ చెబుతాడు. సూది పడింది. బుగ్గ మొద్దుబారింది. పది నిమిషాల్లో పన్ను ట్రేలో ఉంది.

దూది కొరికిపట్టి మెట్లు దిగుతూ ఆవిడ వేళ్లతో సైగ చేస్తుంది... అన్నం ఎప్పుడని. 'ఈ పూట చల్లారిన రాగిజావే అత్తా' అంటుంది కోడలు. నిప్పట్ల డబ్బా అప్పటికే అటక మీదికి చేరింది.