ఒక చమురు చుక్క కథ

ప్రెషర్ కుక్కరు అంచునుంచి ఆవిరి పోతూ ఉంటే మూతను చేత్తో అదిమి ప్రయోజనం లేదని మన గృహిణులందరికీ తెలుసు. రబ్బరు తీసి చూస్తారు, అంచు వంగిందేమో చూస్తారు, వెయిటు గొట్టంలో మెతుకు అడ్డుపడిందేమో చూస్తారు. ఇంతమాత్రపు సంగతి బోధపడడానికి ఒక మెకానికల్ ఇంజనీరుకు ఏడాది కాలం పట్టింది. ఆ ఇంజనీరు మరెవరో కాదు, మేమే.

1998లో బదిలీపై కలకత్తా చేరి, సాల్ట్ లేక్‌లో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకు దిగాము. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ సంకల్పంతో, హుగ్లీ నది పూడికను గొట్టాల ద్వారా తెచ్చి ఉప్పునీటి పల్లాలలో నింపి, 1960లలో రూపుదిద్దడం మొదలుపెట్టిన పట్టణమది. అక్కడ ఇంటి గుర్తు చెప్పాలంటే ముందుగా నీళ్ళ ట్యాంకు నెంబరు చెప్పాలి. వచ్చిన కొద్ది నెలలకే 1489 సి.సి. పెట్రోలు ఇంజనుగల ఒక పాత అంబాసిడర్ కొన్నాము. హుగ్లీ ఆవలి ఒడ్డున ఉత్తర్‌పారాలో పుట్టిన బండి.

బండి మంచిదే. ఇంజను కింద మాత్రం రాత్రికి నాలుగైదు చుక్కల నూనె పడేది. పాత పేపరు పరిచి, అదొక సమస్యగా భావించక రోజులు గడిపాము.

ఆశ్వయుజ పూర్ణిమనాడు బెంగాలీలు కొజాగరీ లక్ష్మీపూజ చేస్తారు. మేడమీద ఉండే ఇంటి యజమానురాలిని మేము 'మాసీమా' అని పిలిచేవారము. ఆ మధ్యాహ్నం ఆమె బియ్యప్పిండి జారుగా కలిపి, గేటునుంచి గడపదాకా లక్ష్మీదేవి పాదాలు, వరికంకులు చిత్రించారు. వారి ఆల్పనా మన ముగ్గుకు తోబుట్టువు. సాయంత్రం మేము వచ్చి, ముగ్గు తొక్కకుండా జాగ్రత్తగా ఒక పక్కన కారు నిలిపాము. పూజవేళకు నల్లని చార ఒకటి వాలువెంట జారి రెండు పాదాలను కలిపేసింది. ఆమె ఒక్క మాట అనలేదు. గుడ్డతో తుడిచి, ఆ రెండు పాదాలూ మళ్ళీ వేశారు. ఏదైనా అనివుంటే మాకు తేలికగా ఉండేది.

ఆ రాత్రే టార్చిలైటు పట్టుకుని, చేతికందిన ప్రతి బోల్టునూ శక్తికొద్దీ బిగించాము. వారం తిరిగేసరికి నాలుగు చుక్కలు పది అయ్యాయి. మళ్ళీ బిగించాము. ఒక గ్యారేజీకి తీసుకువెళితే, ఏదీ విప్పకుండా పైపైన సీలింగు పేస్టు పూసి పంపారు. అది ఒక పక్షం నిలిచింది.

ఒక ఆదివారం ఉల్టాడాంగా కూడలిలో ఆగివున్నప్పుడు బానెట్టు సందులనుంచి నీలిపొగ లేచింది. కారిన నూనె వేడెక్కిన సైలెన్సరు గొట్టంమీద పడుతోంది. వెనుకసీటులోని మా నాలుగేళ్ళ అమ్మాయి "నాన్నా, కారు కాలిపోతోందా?" అని అడిగింది. మా శ్రీమతి పిల్లను ఎత్తుకుని, మారుమాట లేకుండా దిగి నడక సాగించింది. కార్యాలయంలో ఫ్లాంజీలు తనిఖీ చేసి సంతకాలు పెట్టే చెయ్యి ఆనాడు స్టీరింగుమీద వణికింది.

పొరుగువారు చెప్పగా ఒక వృద్ధ మిస్త్రీ వచ్చాడు. స్పానరు ముట్టలేదు. ఇంజనును కిరోసిన్‌తో కడిగి, తుడిచి, మా అమ్మాయి పౌడరు డబ్బా అడిగి తీసుకుని ఇంజను పక్కలంతా చల్లాడు. పావుగంట ఇంజను నడిపించాడు. "తడిసిన చోటు కాదు సార్, తడి మొదలైన చోటు చూడాలి" అన్నాడు. తెల్లని పొడిలో తడిగీత మానిఫోల్డు వెనుకనున్న ట్యాపెట్ కవరు అంచున మొదలైంది. మేము అనుమానించిన సంపు గాస్కెట్టు నిర్దోషి.

ఆ కవరును చేరాలంటే కార్బురేటరూ, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులూ విప్పాలి. విప్పిన కవరును అతడు అద్దపు పలకమీద బోర్లించగానే మా నిర్వాకం బయటపడింది. పలుచని రేకు కవరు. దానికి నడుమ ఒకే బోల్టు. మేము బిగించిన కొద్దీ నడుము లోపలికి కుంగి, అంచులు పైకి లేచాయి. కార్కు గాస్కెట్టు ఒకచోట నలిగి, మరొకచోట వదులై ఉంది. అంతేకాదు, ఇంజను లోపలి ఆవిరులు బయటికి పోయే బ్రీదరు గొట్టం మడ్డితో పూడిపోయింది. పోవలసిన దారి లేక లోపలి ఒత్తిడే నూనెను అంచులగుండా తోస్తోంది. ఆ దారి తెరవకుండా మూతలు బిగిస్తూ వచ్చాము!

గొట్టం శుభ్రం చేశాడు. కవరు అంచును చిన్న సుత్తితో తట్టి చదును చేశాడు. మల్లిక్ బజారునుంచి తెచ్చిన కొత్త కార్కును పలుచని షెల్లాక్‌తో కవరుకు అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాడు. ఇంజను వైపు ముఖానికి కాస్త గ్రీజు మాత్రమే. మర్నాడు బోల్టును రెండు వేళ్ళతో పట్టిన స్పానరుతో బిగించి ఆపాడు. మా చెయ్యి ముందుకు చాచబోగా, "వద్దు సార్" అన్నాడు.

మానిఫోల్డు పాత గాస్కెట్టు బాగానే ఉంది కదా అన్నాము. ఒకసారి నలిగినది రెండోసారి అదే తీరున కూర్చోదన్నాడు. ఇన్‌టేక్ దగ్గర సందుంటే నూనె కారదు. కార్బురేటరును తప్పించుకుని గాలి దూరి, ఇంజను నిలకడ తప్పుతుంది. పాత గాస్కెట్టు పెచ్చులు గీకి, కొత్తది పొడిగానే పెట్టి, నట్లను మధ్యనుంచి బయటికి మూడు విడతలుగా బిగించాడు. ఇంజను వేడెక్కి చల్లారాక మరొక్కసారి సరిచూశాడు.

ఆ రాత్రి కారు కింద తెల్లకాగితం పరిచాము. తెల్లవారి చూస్తే అది తెల్లగానే ఉంది.

ఆనాటినుంచి ఎక్కడైనా ఫ్లాంజి కారుతోందని కాగితం వస్తే, "ఇంకో చుట్టు తిప్పండి" అని వ్రాయడం మానివేశాము. ముఖాలు శుభ్రంగా ఉన్నాయా, ఒత్తిడి సమంగా పడుతోందా, లోపలి ఒత్తిడికి దారి ఉందా అని ముందు అడుగుతాము. ఇంటా బయటా మనుషులతో వ్యవహారంలోనూ ఈ మూడు ప్రశ్నలు కొన్నిసార్లు అక్కరకు వచ్చాయి.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా బండి అంతకు చాలా ముందే, మరో బదిలీ వేళ చేతులు మారింది. 1999 లక్ష్మీపూజనాడు మాత్రం అది మా వద్దనే ఉంది. ఎందుకైనా మంచిదని ఆ ఉదయం దానిని గేటు బయటికి తీయబోయాము. పిండిగిన్నెతో మెట్లు దిగుతున్న మాసీమా చూసి, "గాడీటా థాక్ నా" అన్నారు. కారు ఉండనివ్వమని.

ఆమె పాదాలు వేస్తూ, కారు ముందు చక్రం పక్కగా గడపదాకా వెళ్ళారు.