నోరులేని నొప్పి

పిల్లి తిండినిగూర్చి యొక వ్యాసమా యని చదువరులు చిఱునవ్వు నవ్వవచ్చును. దేశమున నింతకంటె గొప్ప సమస్యలు లేకపోలేదు. కాని గొప్ప విషయములలో మనము చేయు పొరపాట్లనే చిన్న విషయములలోను చేయుదుమనియు, చిన్నవానిలో నవి మఱింత స్పష్టముగా కనబడుననియు ఈ సంవత్సరము మాకు తెలియవచ్చెను. అందుచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాయింట నొక పిల్లి గలదు. పదుమూడేండ్ల క్రిందట నొక శ్రావణమాసపు వానలో, అరచేతియంత పిల్లగా మా యరుగుమీదికి వచ్చి, మరల పోలేదు. పొగవన్నె బొచ్చు గలదగుటచే, సంస్కృతము చదివిన యభిమానమున మేము దానికి 'ధూమ్ర' యని పేరిడితిమి. మా తల్లి 'బుజ్జమ్మా' యని పిలుచును. అది పలుకునది ఆ పిలుపునకే.

గత వేసవివఱకు అది ఒక్క గంతున వంటింటి కిటికీ యెక్కి, అచ్చటినుండి పిట్టగోడమీదికి దుమికి, వీధిలోని పిచ్చుకలను లెక్కించుచుండెడిది. ఆ పిమ్మట కిటికీక్రింద నిలిచి, పైకి చూచి, వెనుకకాళ్ళు రెండుమూడు మారులు సవరించుకొని, అటు పోదలచనే లేదన్నట్లు మరలిపోజొచ్చెను. నడుముమీది బొచ్చును నాకుకొనుట మానుటచే నచ్చటచ్చట జడలు గట్టెను. ఇసుకపళ్ళెములో చేయవలసిన పనిని పళ్ళెము ప్రక్కన చేయ నారంభించెను. మా గృహిణి కోపపడెను. మేము 'ముసలితన' మని యొక్కమాటలో తీర్పు చెప్పి పాఠశాలకు పోతిమి. మా తల్లి మాత్రము, "ముసలితనం కాదు నాయనా, దానికి మోకాళ్ళు పట్టేశాయి. లేవబోయే ముందు కాస్త ఆగుతోంది, చూడు" అనెను. మేము చూడలేదు.

రెండు మాసములు గడచిన పిమ్మట పశువైద్యుడు దానిని బల్లమీద పెట్టి, కీళ్ళను మెల్లగా మడిచి చూచి, ఎక్స్‌రే తీయించి, మా తల్లి చెప్పినదే చెప్పెను: కీళ్ళయరుగుదల. ఇది యరుదైన రోగము కాదట. 2002లో అమెరికాలో, పండ్రెండేండ్లు దాటిన నూఱు పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలింపగా, తొంబదింటిలో కీళ్ళ క్షీణలక్షణములు కనబడెనట. ఐనను పిల్లి కుక్కవలె కుంటుట యరుదు. మూలుగుట యంతకంటె నరుదు. నొప్పి కలిగించు పనిని మెల్లగా మానివేయును. అది మానివేసిన పనికి మనము ముసలితన మని పేరు పెట్టుదుము.

తూచగా ఆఱుకిలోల రెండువందల గ్రాములుండెను. దాని యెముకల కట్టుబడికి అయిదుకిలోలు చాలునట. "మొదటి మందు తక్కెడ, తక్కినవి తరువాత" అని వైద్యుడు చెప్పెను.

ఇచ్చట మాయింటి యాచారము చెప్పవలసియున్నది. మాది శాకాహారుల యిల్లు. పిల్లి పెరుగన్నముతో పెరిగినది. మిగిలిన లోటును పెరటి యెలుకలవలనను, ప్రక్కయింటివారి చేపముళ్ళవలనను తీర్చుకొనెడిది, మేమది యెఱుగనట్లుండెడివారము. అయిదాఱేండ్లనుండి సంచిలో వచ్చు ఎండు పలుకులను గిన్నెనిండ పోయుచు, ప్రేమచే పెరుగన్నమును కూడ మానక పెట్టుచుంటిమి. హితోపదేశమును పాఠము చెప్పునపుడెల్ల, జరద్గవమను ముసలిగ్రద్దయొద్దకు వచ్చి, చాంద్రాయణవ్రతము పట్టితినని నమ్మబలికి, పక్షిపిల్లలను తిన్న దీర్ఘకర్ణమను పిల్లిని బాలురయెదుట దొంగసన్న్యాసి యని నిందించుట మాకలవాటు. ఆ పిల్లి వ్రతము కపటమైనచో, పిల్లిచేతనే వ్రతము పట్టింపజూచిన మా యాచారమునకేమి పేరు పెట్టవలెను?

పిల్లి శరీరము మాంసాహారమునకే యేర్పడినది. టౌరీనను పదార్థమును అది తనకు చాలినంత తయారుచేసికొనలేదు. అది మాంసమునందును చేపలయందును గలదు, అన్నమునందు లేదు. 1827లో దీనిని ఎద్దు పిత్తమునుండి వేఱుచేసిరి గనుక లాటినులో ఎద్దునకు గల పేరే దీనికి వచ్చినది. ఇది చాలనిచో పిల్లి కంటిలోని రెటీనా క్షీణించునని 1975లోను, గుండె యుబ్బి బలహీనపడుననియు, టౌరీను నిచ్చిన కుదుటపడవచ్చుననియు 1987లోను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ రెండవ సంగతి అంగడిలో కొన్న ఆహారములను తినుచుండిన పిల్లులయందే బయటపడెను. పిమ్మట తయారీదారులు టౌరీనును హెచ్చించిరి. క్యారట్టులోని వన్నెపదార్థమునుండి 'ఏ' విటమినును చేసికొను శక్తియు పిల్లికి లేదు. తీపి యను రుచియే దానికి తెలియదు. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు సరిగా జీర్ణము కావు.

ఇంక మాంసాహారమే నిలుకడగా పెట్టవలెనన్నచో ఏకాదశి తప్పని మా తల్లి యేమనునో యని జంకితిమి. ఆమె, "పులికి గడ్డి పెడితే పుణ్యం వస్తుందా నాయనా? దాని తిండి దానికి పెట్టు. దాని గిన్నె వేరు, నా గిన్నె వేరు" అనెను. సంస్కారమునుగూర్చి మేము చదివిన పుస్తకము లన్నియు ఆ రెండు గిన్నెలముందు చిన్నబోయెను.

అంగడిలో సంచులు గోడ యెత్తున నుండెను. సంచికి ముందువైపున బొమ్మ యుండును. చదువదగిన సంగతి వెనుకవైపున నుండును. చూడవలసినవి నాలుగే యని వైద్యుడు చెప్పియుండెను. ఎదిగిన పిల్లికి సంపూర్ణమును సమతులమునైన ఆహారమని వ్రాసియున్నదా? దినుసులను తూనికవరుసను వ్రాయుదురు గనుక, మాంసమో చేపయో ముందున్నదా? మాంసకృత్తు లెంత? నూఱు గ్రాములకు శక్తి యెంత? మూడవ ప్రశ్నలో నొక చిక్కు గలదు. ఎండు పలుకులలో నీరు నూటికి పదిపాళ్ళు. డబ్బాలలోని తడి యాహారమున డెబ్బదియైదు మొదలు ఎనుబదిపాళ్ళు. పలుకుల సంచిపై మాంసకృత్తులు 36 అనియు, తడి డబ్బాపై 10 అనియు నున్నచో, మొదటిదే బలమైనదని తోచును. నీరు తీసివేసి లెక్కించినచో మొదటిదానిలో 90కి 36, అనగా నూటికి 40. రెండవదానిలో 20కి 10, అనగా నూటికి 50. మా యయిదవతరగతి బాలుడు చేయగల లెక్క యిది. అమెరికా పశ్వాహార నియంత్రణాధికారుల సంఘము ఎదిగిన పిల్లికి నిర్ణయించిన కనీసము, నీరు తీసిన లెక్కన, నూటికి 26. 'కీళ్ళకు ప్రత్యేకము' అని బంగారు రంగున వ్రాసిన యొక సంచిని త్రిప్పి చూడగా, ఆ కీళ్ళమందు దినుసుల పట్టికలో ఉప్పునకు తరువాత, తుట్టతుదను కనబడెను.

తుదకు సామాన్యమైన సంచినే యెన్నుకొంటిమి. నూఱు గ్రాములకు 380 కిలోకేలరీల శక్తి గలది. వైద్యుడు దినమునకు 50 గ్రాములు విధించెను. అంతవఱకు చేతితో పోయుచుండిన దానిని తూచగా ఎనుబది గ్రాములు! పెరుగన్న మందులకు పైని. ఒక్కసారిగా తగ్గింపరాదని వైద్యుడు గట్టిగా చెప్పెను. వారమునకు బరువులో నూటికొక పాలు తగ్గిన చాలును. ఉపవాసము మనకు వ్రతము. లావెక్కిన పిల్లి కొలదిదినములు తినకున్న కాలేయమునకు క్రొవ్వు పట్టి ప్రాణముమీదికి వచ్చును. పలుకులలో నీరు తక్కువ గనుక ఇంట మూడుచోట్ల నీటిగిన్నెలుంచి, కొన్నిపూటలు తడి యాహారమును లెక్కలో చేర్చితిమి.

ఇంతవఱకు మేము బుద్ధిమంతులమే. కీళ్ళపొడి విషయమున బోల్తాపడితిమి. గ్లూకోసమీను, కాండ్రాయిటిను కలిపిన పొడి యొకటి తొమ్మిదివందల రూపాయలు పెట్టి కొని, ఉదయము పలుకులపై చల్లుచుంటిమి. రెండువారములలో పిల్లి చుఱుకైనదని మాకు తోచెను. మెట్లు త్వరగా నెక్కుచున్నదని మిత్రులకు చెప్పితిమి. మా తల్లి యొకనాడు గిన్నె కడుగుచు, "రోజూ ఈ తెల్లపొడి అడుగున ఉండిపోతోంది, ఏమిటది?" అని యడిగెను. పిల్లి పలుకులను తిని పొడిని విడిచిపెట్టుచుండెను. పదునైదుదినముల మందు గిన్నెతోపాటు కడుగుడుపడెను. మందు పనిచేసినది పిల్లిమీద కాదు, మామీద.

వైద్యుడు నవ్వలేదు. ఉత్తి మాఱుమందు నిచ్చినను, పిల్లుల యజమానులలో సగముకంటె నెక్కువమందికి మెఱుగు కనబడుట పరీక్షలలో తేలియున్నదని చెప్పెను. మాంట్రియల్ విద్వాంసులు కుక్కల, పిల్లుల కీళ్ళరోగములపై జరిగిన పరీక్షలనన్నిటిని కూర్చి 2022లో ప్రకటించిన సమీక్షలో, గ్లూకోసమీను, కాండ్రాయిటినులవలన ఫలము లేదనియు, ఒమేగా-3 క్రొవ్వులవలన కలదనియు తేల్చిరి. హాలెండులో పదియాఱు పిల్లులకు పదివారములు చేపనూనెయు, మొక్కజొన్ననూనెయు వేఱువేఱుగా నిచ్చి చూడగా, చేపనూనె వంతున అవి యెక్కువగా తిరుగుట, మెట్లెక్కుట, ఎత్తునకు దుముకుట కనబడెను. అందుచే కొలతప్రకారము చేపనూనె నారంభించితిమి. అది కాడుచేప కాలేయపు నూనె కాకూడదు. అందలి 'ఏ' విటమిను మితిమీఱినచో పిల్లి వెన్నుపూసలే యతుకుకొనిపోవును. నొప్పి హెచ్చిననాడు పిల్లులకై యేర్పడిన మందు నొకదానిని కూడ వైద్యుడు వ్రాసియిచ్చెను.

మార్గశిరమాసపు చలిలో ఒకరాత్రి పిల్లి మూల ముడుచుకొని లేవలేకపోయెను. నడికట్టున వెలుతురు చూచి వచ్చితిమి. మా తల్లి ఒకచేత నీళ్ళగ్లాసును, ఒకచేత సగము విఱిచిన తెల్లని బిళ్ళయు పట్టుకొని దానియొద్ద కూర్చుండి, నోరు తెఱువుమని బతిమాలుచుండెను. మే మొక్క యుదుటున పోయి ఆమె చేయి పట్టుకొంటిమి. అది పారసిటమాలు. మన కాలేయము దానిని విఱిచి వెలిబుచ్చు మార్గము పిల్లికి చాలినంత లేదు. నెత్తురు ప్రాణవాయువును మోయజాలక, ఒక్క బిళ్ళతోనే పిల్లి చావవచ్చును. వైద్యుడు మొదటిదినముననే యీ మాట చెప్పియుండెను. మేము గృహిణికి చెప్పితిమి. మా తల్లికి చెప్పవలెనని తోచలేదు.

ఆమె వెలవెలపోయి, "నాకు పనిచేస్తుంది గదా, దానికీ పనిచేస్తుందనుకున్నాను" అనెను.

"నీ కేమిటమ్మా? నీ వెప్పటినుండి వేసుకొనుచున్నావు?"

"రెండేళ్ళయింది. రాత్రికొకటి. అది లేకపోతే తెల్లవారి మంచం దిగలేను."

చదువరులారా, పిల్లి లేవబోవుటకు ముందు క్షణకాల మాగుటను మాకంటె ముందుగా ఆమె యెట్లు కనుగొనెనో ఆ రాత్రి తెలిసినది. ఆమె స్తంభమును పట్టుకొని లేచుట రెండేండ్లుగా చూచుచునే యుంటిమి. గుడికి పోవుట మానెను. భక్తి యింటనే చాలునన్నది, నమ్మితిమి. నేలపై కూర్చుండి కూరలు తరుగుట మానెను. కోడలికి పని యప్పగించినదనుకొంటిమి. మానివేసిన పనులకు మేము పెట్టిన పేరు ముసలితనము. స్త్రీల యారోగ్యమునుగూర్చి సభలలో మాటాడిన వారము మేము. పిల్లి కీళ్ళకై నాలుగుమారులు వైద్యశాలకు పోయినవారము మేము. పిల్లికి నోరు లేదు. మా తల్లికి గలదు. కాని అడుగువారు లేని యింట నోరుండియు ఫలమేమి?

మఱునాడే ఆమెను వైద్యునొద్దకు తీసికొనిపోతిమి. ఆయన ఆమె మందులను సవరించి, తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును నేర్పెను. ఆ వారముననే వడ్లవాని పిలిపించి, పెరటిమెట్లకు చేతికఱ్ఱయు, వంటింట కూర్చుండుటకు ఎత్తుపీటయు చేయించితిమి. మిగిలిన చెక్కతో కిటికీక్రింద రెండు చిన్న మెట్లు కొట్టించి, ఇసుకపళ్ళెము అంచును తగ్గించితిమి.

ఇప్పుడు ఫాల్గునము. పిల్లి అయిదుకిలోల రెండువందల గ్రాములకు దిగినది. పిట్టగోడ యెక్కుటలేదు, ఎక్కునని వైద్యుడును చెప్పలేదు. ఉదయము ఎండు పలుకులను తూచుచుండ, మా తల్లి ఎత్తుపీటమీద కూర్చుండి చిక్కుళ్ళు ఒలుచుచుండును. పిల్లి చెక్కమెట్లు ఒకటొకటిగా నెక్కి, కిటికీలో కూర్చుండి పిచ్చుకలను చూచును. తక్కెడ దించినపిమ్మట మేము ఆమెను ప్రతిదినము అడుగునది యొకటే: "రాత్రి నిద్ర పట్టినదా అమ్మా?" మొదట కొన్నాళ్ళు "పట్టింది నాయనా" యనెడిది. ఇపుడు పట్టనినాడు పట్టలేదనియే చెప్పుచున్నది.