మిల్లు ఊరి రేసరు

మా వరంగల్ మట్టెవాడలో పెద్దోళ్లు నలుగురు కూసుంటే మాట ఎక్కడ మొదలైనా ఆజంజాహి మిల్లు దగ్గరికే వస్తది. 1934లో నిజాం కాలంల పెట్టిన బట్టల మిల్లు. కార్ల రేసరు రాల్ఫ్ అర్న్‌హార్ట్ గురించి చదువుతుంటే నాకు అదే యాదికొచ్చింది. అమెరికాలో ఆయనది నార్త్ కరోలినాలోని కన్నాపొలిస్. అదీ మిల్లు ఊరే, తువ్వాళ్లకు పేరు. ఈయనా మొదట మిల్లు కార్మికుడే. ఆ పని ఇడిచిపెట్టి మట్టి ట్రాకుల మీద స్టాక్ కార్లు తోలుడే బతుకుదెరువు చేసుకున్నడు. పెండ్లాం పిల్లలున్న మనిషి! మా ఇంట్ల ఎవరన్న ఆ మాటంటే ఆ పూట పొయ్యి వెలగది.

కారును ఇంటికాడి షెడ్డులో తనే తయారు చేసుకునేటోడు. ట్రాకు గుండ్రం, మలుపులన్నీ ఎడమకే. అందుకని కుడి పక్క టైరు చుట్టుకొలత ఎడమదానికన్న కాస్త ఎక్కువ పెడితే కారు దానంతటదే ఎడమకు తిరుగుతది. ఈ కిటుకు మొదట పట్టింది ఆయనేనంటరు. మన ఎన్‌ఐటీల చెప్పాల్సిన పాఠం.

1956లో, అక్కడి స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్‌ల స్పోర్ట్స్‌మన్ విభాగం చాంపియన్ అయిండు. 1973లో, 45 ఏండ్లకే గుండెపోటుతో పోయిండు. కొడుకు డేల్ ఏడుసార్లు నాస్కార్ కప్ చాంపియనై తండ్రిని మించిండు. 2001లో డేటోనా రేసు ఆఖరి ల్యాపుల ప్రాణం పోయింది. నా మనసు మాత్రం తండ్రి మీదనే.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు ఉరికితే నేను పోలే. మామునూరు దిక్కు ఎవరన్న ఒక మట్టి ట్రాకు ఏస్తే చెప్పుండ్రి, మొదటి వరుసల ఉంట.