పేర్లు రెండు – మందు ఒకటే

మొన్న మా అత్తగారికి జ్వరమూ, జలుబూను. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర రోజుకు నాలుగుసార్లు వేస్తున్నాను. ఆఫీసునుంచి వస్తూ మావారు జలుబుకు వేరే మాత్రలు తెచ్చారు. అవి రోజుకు మూడట.

"పేరు వేరు, రంగు వేరు. ఫరవాలేదు, వేసెయ్యి" అన్నారు.

వేయబోతూ అట్ట వెనక చూద్దును కదా, అందులోనూ 500 మిల్లీగ్రాముల పారాసిటమాలే! 2,600కు 1,500 కలిస్తే 4,100.

హడలిపోయి డాక్టరుగారికి ఫోను చేశాను. "పెద్దవాళ్ళకు రోజుకు 4,000 దాటకూడదమ్మా. ముసలివాళ్ళకు ఇంకా తగ్గించాలి" అన్నారు.

ఆయన చెప్పిందిదీ: మాత్ర పేగులోంచి రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. దాన్ని విరిచి బయటికి పంపించే చాకిరీ చాలావరకు కాలేయానిది. విరిచేటప్పుడు కాస్త విషం పుడుతుంది. దాన్ని అణిచే గ్లూటాథయోన్ అనే పదార్థం కాలేయంలోనే ఉంటుంది. మోతాదు బాగా మీరితే, ఇంట్లో బియ్యం నిండుకున్నట్టు అదీ నిండుకుంటుంది. అప్పుడు విషం కాలేయాన్నే దెబ్బతీస్తుంది. మొదటిరోజు పైకేమీ తెలియకపోవచ్చు కూడా!

"రెండు మాత్రలంటే రెండు మందులనుకున్నానే!" అన్నారు అత్తగారు.

మావారు కిక్కురుమనకుండా కళ్ళజోడు పెట్టుకుని, మందుల డబ్బాలోని అట్టలన్నీ ఒక్కొక్కటే చదవటం మొదలుపెట్టారు.