నిఘంటువులో లేని ప్రాణి

బాలల కొరకు వ్రాసిన కథలలో పెద్దలు నేర్వవలసినది ఒక్కొక్కప్పుడు ఎక్కువగా ఉంటుంది. రష్యన్ రచయిత ఎడ్వర్డ్ ఉస్పెన్‌స్కీ 1966లో ప్రచురించిన మొసలి గేనా కథ అటువంటిది. దానిని రోమన్ కచానొవ్ దర్శకత్వాన మాస్కోలోని సోయుజ్‌ముల్త్‌ఫిల్మ్ సంస్థ 1969లో ఇరువది నిమిషాల బొమ్మల చిత్రంగా నిర్మించింది.

అందులో చెబురాష్కా అనే పెద్ద చెవుల చిన్న ప్రాణి నారింజపండ్ల పెట్టెలో పడి, ఎరుగని నగరానికి చేరుతాడు. జంతుప్రదర్శనశాలకు తీసుకొనిపోతే, శాస్త్రానికి తెలియని జంతువని అక్కడివారు చేర్చుకొనరు.

అదే ప్రదర్శనశాలలో గేనా పగలు మొసలిగా ఉద్యోగం చేస్తాడు. సాయంకాలం ఇంట తనతో తానే చదరంగం ఆడుకొంటాడు. ఒంటరితనం భరింపలేక, స్నేహితులు కావలెనని ఊరంతా ప్రకటనలు అంటిస్తాడు. అది చదివి చెబురాష్కా వస్తాడు. ఇతడెవరో తెలిసికొనుటకు గేనా నిఘంటువు తిరగవేస్తాడు. ఆ పేరు అందులో లేదు. అయితే నాతో స్నేహం చేయరా అని చెబురాష్కా దిగులుపడతాడు. ఎందుకు చేయమని వారి సమాధానం!

భాషాబోధన వృత్తిగా గల మాకు ఈ ఘట్టం మరపురానిది. నిఘంటువుపై మాకు గౌరవమున్నది. కాని పుటలలో పేరు లేనంత మాత్రాన ఎదుట నిలిచినవాడు లేకుండా పోడు. ఇంట దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే మన విద్యార్థులు కొందరు తరగతిలో నోరు విప్పుటకు జంకుతారు. వారి ఉర్దూ గ్రంథాల ఉర్దూ కాదట. వారి తెలుగు గ్రంథాల తెలుగు కాదట. ముస్లింలై యుండి తెలుగు బోధించుట ఏమని మమ్ము ప్రశ్నించినవారూ ఉన్నారు. ఏ గదిలో ఉంచవలెనో తెలియనప్పుడు తలుపు మూయుట సులభమైన పని. ప్రదర్శనశాలవారు చేసినదీ అదే.

కథలోని మిత్రులు అక్కడ ఆగలేదు. ఒంటరివారందరి కొరకు ఒక స్నేహగృహం కట్టదలచారు. ఇటుకలు మోసినవారందరూ పని ముగియక మునుపే స్నేహితులైపోయారు. ఇల్లు పూర్తయ్యేసరికి దాని అవసరం గలవారెవరూ మిగలలేదు! దానిని పసిపిల్లల బడికి ఇచ్చివేశారు. స్నేహాన్ని ఇచ్చినది ఇల్లు కాదు, కలిసి చేసిన శ్రమ.

కనుక కళాశాల కార్యవర్గానికి మాదొక చిన్న విన్నపం. ఉర్దూ, తెలుగు విభాగాలకు వేరువేరుగా గోడపత్రికలు వద్దు. రెండు లిపులలో ఒకే పత్రిక నడిపించండి. విద్యార్థులారా, మీ ఇంటి మాటను, నిఘంటువులో ఉన్నా లేకున్నా, అందులో వ్రాయండి. దిద్దుటకు మేమున్నాము, కాదనుటకు మాత్రం కాదు.