అయ్యగారి యింటి ధర్మసందేహములు

ఊరిలో తలుపు లేని యిండ్లు రెండు గలవు. ఒకటి బడిపంతులుగారి యిల్లు. రెండవది పాస్టరుగారి యిల్లు. ఏ వేళ నెవరు వచ్చినను కాదనరాదు. ఆ యింటి బిడ్డలు కొంచెము గట్టిగా నవ్వినను పదిమంది చెప్పుకొందురు. బదిలీ యుత్తరువు వచ్చినచో, నాటి పెంచిన కరివేపచెట్టును విడిచి సామాను కట్టుకొనవలసినదే. మేము మొదటి యింటివారము. పురాణములు చదువుకొనిన కుటుంబమున పుట్టితిమి గాని, క్రైస్తవమతమును గూర్చి తీర్పు చెప్పదగినవారము గాము. అయినను తిరుమలాయపాలెములో మా ప్రక్కింట నొక పాస్టరుగారి కుటుంబము కాపురమున్నది. ఆయనను ఊరివారు అయ్యగారనియు, ఆయన యిల్లాలిని అమ్మగారనియు పిలుతురు. ఆమెతోడి స్నేహమువలన మాకొక సంగతి తెలిసినది. మందిరములో తీఱవలసిన ప్రశ్నలలో సగము ముందుగా వంటయింటి గడపకడకే వచ్చి నిలుచును.

ఈ సంగతి నెఱిగిన మహనీయులొకరు మా పొరుగుననే యుండిరి. డోర్నకల్లు మాకు దూరము గాదు. తిరునెల్వేలి ప్రాంతమువారైన వి. యస్. అజరయ్యగారు (1874–1945) తెలుగు నేర్చి, ఆ చుట్టుపట్ల పల్లెలలో సేవచేసిరి. 1912లో కలకత్తాలో బిషపుగా నభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషపగుట కదియే మొదలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్లు దేవాలయమున మన కోవెల పోలికయు, మసీదు పోలికయు కలిసి కానవచ్చును. చూడబోయినవారెల్లరు దానినే మెచ్చుకొందురు. మాకు మాత్ర మంతకన్న మెచ్చదగినది మఱియొకటి తోచును. గురువులుగా తరిఫీదు పొందుటకు వచ్చినవారిని భార్యలతో కూడ రప్పించి, ఆ భార్యలకును చదువు చెప్పించిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని పల్లెల శత్రువులుగా వారెంచిరి. ఆ నాలుగును ఇంటిలో నుండి తొలగవలసినవే కదా! ఇల్లాలికి తెలియని బోధ అరుగు దాటి లోనికి రాదు.

అమ్మగారి గడపకు వచ్చిన ప్రశ్నలలో కొన్నిటిని చెప్పుదుము. ఒక తల్లి పదునేడేండ్ల కూతురికి సంబంధము కుదుర్చుకొని, అయ్యగారికడకు పోక, ముందుగా నామెకడకు వచ్చినది. "అమ్మగారూ, మీరొక్క మాట చెప్పుడు. కొన్ని నెలలే తక్కువ, పిల్ల యెదిగినది" అని కన్నీరు పెట్టుకొనెను. 2006 నాటి చట్టము ప్రకారము కన్యకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెను. అయ్యగారు పుట్టినతేది చూచి, కాదనిరి. అంతటితో ఆయన ధర్మము తీఱినది. కాని యా తల్లి దుర్మార్గురాలు గాదు. మగడు కూలికై పొరుగూళ్లకు పోవును. తాను మిరపచేనికి పోవును. ఎదిగిన పిల్ల నొంటరిగా నింట విడుచుటకు భయపడినది. అమ్మగారు సంవత్సరము పొడవున పగటివేళల నా పిల్లను తమ యింట నుంచుకొని కుట్టుపని నేర్పిరి. పెండ్లి పిమ్మట యథావిధిగా జరిగెను. "కాదు" అన్నది అయ్యగారు. ఆ "కాదు"ను ఏడాదిపాటు మోసినది అమ్మగారు.

ఇంతకన్న చిక్కైనది పుస్తకముల సంగతి. మా వారి బడిలో ప్రవేశపు పుస్తకము కలదు. అయ్యగారి బీరువాలో బాప్తిస్మపు పుస్తకము కలదు. బిడ్డ యొక్కటే, పుస్తకములు రెండు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులములవారు క్రైస్తవులైనచో ఆ కులపు హక్కులు చెల్లవు. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను సడలింపు కలిగినది, క్రైస్తవులకు కలుగలేదు. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గమున చేర్చి నూటికొక్క వంతు కేటాయించిరి. అందుచేత ఆదివారము వచ్చి మనసార పాడుదురు గాని, "అయ్యగారూ, పేరు మాత్రము వ్రాయవలదు, పిల్లవాని కాలేజి సీటు పోవును" అని వేడుకొనువారు గలరు. సత్యమాడుమని బోధించువాడు, ఆ సత్యమునకు వెల మఱియొకరి బిడ్డ చెల్లింపవలసి వచ్చినప్పు డేమి చెప్పవలెను? అబద్ధమాడుమనలేడు, ఆ తల్లిని దూషింపనులేడు. అమ్మగారి సలహామీద అయ్యగారు బాప్తిస్మము నడుగవచ్చినవారికి చట్టమేమి చెప్పునో ముందుగా వివరించి, ఇంటిల్లిపాది ఆలోచించుకొనుటకు వ్యవధి నిత్తురు. "వెల చెప్పక సరకమ్ముట సంతలోనైన మోసమే గదా!" యని యామె మాట. ఏ మతమువారమైనను ఈ మాట మనకు శిరోధార్యమే.

ఆరాధన సంగతులలోను తగవులు లేకపోలేదు. పెద్దలకు పురుషోత్తమ చౌదరిగారి కాలపు కీర్తనలు కావలెను. పడుచువారికి కీబోర్డు కావలెను. బతుకమ్మనాడు మా వాడవారందఱు అమ్మగారిని పిలిచిరి. ఆడినచో సంఘమువారికి కోపము. రాకున్నచో ఇరుగుపొరుగువారికి మనస్తాపము. ఆమె తెల్లవారుజామున మాతో వచ్చి తంగేడు, గునుగు పూలు కోసిపెట్టిరి. సాయంకాలము తమ యరుగుమీద కూర్చుండి పిల్లలను చూచుకొనిరి. "పూవులు దేవుడు చేసినవే గదమ్మా, కోసి యిచ్చుట కేమి యభ్యంతరము?" అనిరి. తన విశ్వాసమును విడువలేదు. మా మనసును నొప్పింపలేదు.

ఇట్లందఱి చిక్కులు విప్పు యింట తమ చిక్కులు చెప్పుకొనుటకు చోటుండదు. కుమారుడు పరీక్ష తప్పినచో "అయ్యగారి కొడుకే యిట్లా!" యందురు. ఇల్లాలికి జ్వరము వచ్చినను స్త్రీల కూడిక మానరాదు. జీతము భర్తకు, పని యిద్దఱికి. అయ్యగారు సేవకై ఊళ్లు తిరుగుచు ఇంటిని మఱచినచో అడుగువారెవరు? భారతారణ్యపర్వమున కౌశికుడు తపస్సుచే కొంగను దహించి, భిక్ష యాలస్యమైనదని గృహిణిమీద కోపించెను. ఆమె తాను కొంగను గానని తెలిపి, అతనిని మిథిలకు పంపినది. అచ్చట ధర్మవ్యాధుడు, "నీవు విడిచివచ్చిన తల్లిదండ్రులను సేవింపు" మని యతని నింటికి మరలించెను. తపస్సు గొప్పదే, ఇంటిని కన్నీరు పెట్టించు తపస్సు సగమే.

2013లో నంద్యాల అధ్యక్షమండలమునకు ఇ. పుష్పలలితగారు బిషపైరి, దక్షిణ ఇండియా సంఘమున బిషపైన మొదటి స్త్రీ వారే. ఇది మనకెల్లరకు సంతోషము. స్త్రీయే గురువైనప్పుడు, ఆమె భర్త జీతము లేక కూడికలు నడుపవలెనని యెవరు నడుగరు. మఱి గురువు భార్యను మాత్రము ఏల యడుగవలెను? ఆమె ప్రీతితో చేసినచో చేతులెత్తి మ్రొక్కుదము. చేయలేనిచో లోపముగా నెంచకుందము.

ప్రతిపూట పిడికెడు బియ్యము తీసియుంచి కానుకగా నిచ్చు తల్లులు ఆ సంఘమున గలరు. ఆ సోదరీమణులకు మా మనవి యొక్కటే. అట్లే నెలకొక పూటను కూడ తీసియుంచి, ఏ ప్రశ్నయు తీసికొనిపోక అమ్మగారి యింటికి పొండు. "మీ పిల్లవాడు కులాసాయా? మీకు నిద్ర పట్టుచున్నదా?" యని యడుగుడు. ఆమె చెప్పినది విని, పొరుగింట చెప్పకుండుడు. బడిపంతులుగారి యింటికి వచ్చినను మేము తప్పుపట్టము!