జీతం పడిందా?

"జీతం పడిందా?" అన్నవి చూడ్డానికి మామూలు మాటలే. మా ఇంట్లో మాత్రం వారానికోసారి వాటి దగ్గరే మొహాలు ముడుచుకునేవి. మావారు పర్మనెంటు ఉద్యోగం వదిలి కాంట్రాక్టులోకి మారారు. ఇక్కడ ఇంగ్లండులో ఏజెన్సీ ద్వారా చేసే పనులకు చాలాచోట్ల వారం జీతాలే. నెలకోసారి అడిగే ప్రశ్న కాస్తా ప్రతి శుక్రవారం అడగాల్సొచ్చింది. నేను అడిగేది గ్యాసు బిల్లు కోసం. ఆయనకు వినబడేది "సరిగ్గా సంపాదిస్తున్నారా?" అని. అడగకుండా ఉండడం నా వల్ల కాదు, ఎందుకంటే అద్దె ఏ రోజు పోతుందో, కౌన్సిల్ టాక్స్ ఏ రోజు పోతుందో ఇంట్లో గుర్తుండేది నాకొక్కదానికే. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "వస్తుందిలే."

ఒక ఆగస్టులో రాలేదు. ఆగస్టు ఆఖరి సోమవారం ఇక్కడ బ్యాంకు సెలవు. శుక్రవారం సాయంత్రానికి పడుతుందిలే అనుకున్నాం, పడలేదు. శనివారం పొద్దున కూడా లేదు. ఏజెన్సీ వాళ్ల ఫోన్ ఎత్తే నాథుడు లేడు, మళ్లీ మంగళవారం దాకా. మంగళవారం తెల్లవారకముందే అద్దె వెళ్లిపోయింది, ఖాతా పదకొండు వందల పౌండ్ల మేర ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి దిగింది. 2020 నుంచి ఇక్కడ చాలా బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్‌కి 40 శాతం దరిదాపుల్లో వడ్డీ వేస్తున్నాయి. మాది 39.9. బుధవారం రాత్రికి గానీ డబ్బు రాలేదు, రెండు రోజుల వడ్డీ లెక్క కడితే రెండు పౌండ్ల నలభై పెన్నీలు. ఒక కాఫీ ఖరీదు కూడా కాదు. కానీ ఆ సెలవు రోజులన్నీ నాకు అన్నం సయించలేదు. ఇండియన్ షాపుకు వెళ్లి బియ్యం బస్తా ఎత్తబోయి దించేశాను. పిల్లలు సినిమా అన్నారు, తలనొప్పిగా ఉందన్నాను. ఆ తలనొప్పి ఖరీదు ఏ బ్యాంకు స్టేట్‌మెంటులోనూ ఉండదు కదా.

ఆ రోజుల్లోనే అమ్మ బాగా గుర్తొచ్చింది. మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో తెలుగు పండితుడు. ఒకటో తారీఖున జీతం అన్నది మాకు క్యాలెండర్లో మాటే. ఒక్కోసారి రెండు నెలలది కలిపి వచ్చేది. అయినా అమ్మ ఎప్పుడూ "జీతం వచ్చిందా?" అని నాన్నని అడగగా నేను వినలేదు. ఆవిడకు అంతకంటే ముందే కబురు అందేది. స్కూలు గుమాస్తా సబ్ ట్రెజరీకి వెళ్లొచ్చి "బిల్లు పాసయింది" అంటే, సాయంత్రానికల్లా పంతుళ్ల ఇళ్లన్నింటికీ ఆ మాట పాకిపోయేది. డబ్బు చేతికి రావడానికి ఇంకా రెండు మూడు రోజులున్నా సరే, కిరాణా కొట్టు శెట్టిగారే "బిల్లు పాసయిందట కదమ్మా, నూనె డబ్బా పంపించమంటారా?" అని అడిగేవాడు.

కొన్ని నెలలు వేరే మాట వచ్చేది: "బిల్లుకు అబ్జెక్షన్ పెట్టారట." ఇప్పుడాలోచిస్తే అమ్మకు అసలు పనికొచ్చిన కబురు ఇదేననిపిస్తుంది. ఆ మాట చెవిన పడగానే ఆవిడ చీటీపాట ఆవిడ దగ్గరికి తనే వెళ్లి "ఈ నెల పదో తారీఖుకిస్తాను" అని చెప్పేసి వచ్చేది. వాళ్లు గుమ్మంలోకొచ్చి అడిగాక చెప్పడానికీ, ముందే మనం వెళ్లి చెప్పడానికీ ఎంత తేడా! పాలవాడికీ అంతే, కొట్టుకీ అంతే. మా ఇంటి పరువు ఆ రెండు మూడు రోజుల ముందు కబురు మీదే నిలబడింది.

ఇక్కడ నాకు ఆ గుమాస్తా లేడనుకున్నాను. ఉన్నాడట, బ్యాంకుల మధ్యే తిరుగుతుంటాడట.

ఈ దేశంలో జీతాలు ఎక్కువగా బ్యాక్స్ అనే పద్ధతిలో వస్తాయి. 1968లో మొదలైంది. మొదట్లో కంపెనీలు జీతాల జాబితాని మాగ్నెటిక్ టేపుల మీద పంపేవట. టేపులు పోయాయి గానీ మూడు రోజుల పద్ధతి మాత్రం అలాగే ఉంది. మొదటి రోజు కంపెనీ ఫైలు పంపుతుంది, రాత్రి పదిన్నర లోపల. రెండో రోజు దాన్ని సర్ది ఏ బ్యాంకువి ఆ బ్యాంకుకు చేరుస్తారు. మూడో రోజు తెల్లవారుజామున మన ఖాతాలో పడుతుంది. శని, ఆదివారాలూ బ్యాంకు సెలవులూ లెక్కలోకి రావు. యూపీఐకి అలవాటుపడ్డ మా చెల్లెలు ఇది విని "ఇంకా మూడు రోజులేంటే?" అని నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఆ నిదానంలోనే మనకు పనికొచ్చే సంగతి ఉంది. శుక్రవారం పడాల్సిన జీతం సంగతి గురువారమే మన బ్యాంకుకు తెలిసిపోతుంది! కొన్ని బ్యాంకులు ఆ సంగతి మనకు చెబుతాయి, కొన్ని చెప్పవు. మా పాత బ్యాంకు చెప్పని రకం.

నాకు కోపం తెప్పించిన విషయం ఇంకోటుంది. ఇక్కడ డైరెక్ట్ డెబిట్ ద్వారా మన ఖాతాలోంచి డబ్బు లాక్కునే వాళ్లు, మొత్తమో తేదీయో మార్చేటప్పుడు మామూలుగా పది పనిదినాల ముందు మనకు తెలియజేయాలి. అది రాతపూర్వకంగా ఇచ్చే హామీ. పోయే డబ్బుకు అంత ముందు కబురు ఉంది. రావాల్సిన డబ్బు రావట్లేదని చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. ఇల్లు నడిపే ఆడదాన్ని అడిగితే ఏది ముందు తెలియాలో చెప్పేది కదా!

అందుకని వేరే బ్యాంకు చూశాం. ఏ బ్యాంకో చెప్పను, ప్రకటనలా ఉంటుంది. మోంజో లాంటి యాప్ బ్యాంకులు దీన్ని బాగా అలవాటు చేశాయి గానీ, వాటిలోనే చేరాలని లేదు. మా వీధిలో ఉండే తెలుగమ్మాయి "అక్కా, ఏది మంచిది?" అంటే నేను చెప్పింది ఇదీ. ముందు మీ ఆయన జీతం ఏ దారిన వస్తుందో చూడు. పాత స్టేట్‌మెంటులో జీతం పక్కన బ్యాక్స్ అనో, బీజీసీ అనో ఉంటే ముందురోజు కనబడే అవకాశముంది. కంపెనీ ఫాస్టర్ పేమెంట్లో పంపితే ఏ బ్యాంకూ ముందు చూపించలేదు, అది క్షణాల్లో వచ్చిపడేది. స్నేహితులు పంపే డబ్బు కూడా అంతే. రెండోది, జాయింట్ ఖాతా ఇస్తారా, ఇస్తే రాబోయే డబ్బు ఇద్దరి ఫోన్లలోనూ కనబడుతుందా అని అడుగు. ఆయన ఒక్కడి ఫోన్లోనే కనబడితే నువ్వు మళ్లీ "పడిందా?" అని అడగాల్సిందే, ఇంక దేనికి మారడం? మూడోది, ఆ బ్యాంకుకు ఇక్కడి డిపాజిట్ రక్షణ ఉందో లేదో చూసుకో. 2025 డిసెంబరు నుంచి అది మనిషికి, ఒక్కో బ్యాంకుకు 1,20,000 పౌండ్ల దాకా. "అంత ఎక్కడుందక్కా?" అని నవ్వింది. లేకపోయినా చూసుకోవాలి, ఉన్న నాలుగు రాళ్లూ మనవే.

మేం ఒక్కసారే అంతా మార్చలేదు. రెండు నెలలు జీతం ఒక్కటే కొత్త ఖాతాలో వేయించుకున్నాం. నమ్మకం కుదిరాక బిల్లులన్నీ స్విచ్ సర్వీసు ద్వారా తరలించాం. ఏడు పనిదినాల్లో పని అయిపోయింది. పాత ఖాతాకు ఎవరైనా పొరపాటున పంపినా మూడేళ్లపాటు కొత్తదానికి మళ్లిస్తారు. ఇంతకు ముందు ఈ మార్పంటే ఎంత భయపడ్డామో!

ఇక అసలు సంగతి. ఒక నవంబరు గురువారం నాలుగున్నరకు చూస్తే, రోజూ ఆ పాటికి బూడిదరంగు అక్షరాల్లో "రేపు" అని కనబడే జీతం లేదు. మావారితో అన్నాను. "రేపు కదా, వస్తుందిలే" అన్నారు. "రేపు వచ్చేదైతే ఇవాళ కనబడాలండీ, బిల్లు పాసవలేదు" అన్నాను. ట్రెజరీ సంగతి ఆయనకేం తెలుసు, వింతగా చూశారు, కానీ ఫోన్ చేశారు. ఆఫీసులో ఇంకా మనుషులున్నారు. టైమ్‌షీటు ఆమోదించాల్సిన మేనేజరు సెలవులో వెళ్లాడట, బుధవారం ఫైల్లో ఈయన పేరే లేదు. వాళ్లు వేరే మేనేజరుతో సరిచేయించి, శుక్రవారం మధ్యాహ్నం ఫాస్టర్ పేమెంట్లో పంపారు. సోమవారం అద్దె మామూలుగా వెళ్లింది. అదే పాత ఖాతా అయివుంటే ఈ సంగతి మాకు శనివారం తెలిసేది.

డబ్బు ఒక పౌండు కూడా ముందుగా రాలేదని గమనించండి. ముందొచ్చింది కబురే.

అన్నట్టు, కొన్ని బ్యాంకులు ముందురోజు సాయంత్రం నాలుగు తర్వాత కావాలంటే ఆ జీతం అప్పుడే తీసుకోనిస్తాయి కూడా. మా పెద్దాడికి అదేదో బహుమతిలా కనబడింది, "తీసుకుందామమ్మా!" అన్నాడు. నేను వద్దన్నాను. గురువారం తీసుకుంటే వచ్చే గురువారానికి మళ్లీ ఏడు రోజులే, ఒక రోజు కలిసొచ్చేది మొదటి వారమొక్కటే. ఆ పైన ఏదో వారం అది కనబడకపోతే, గురువారం ఖర్చులకు శుక్రవారం దాకా ఆగలేని స్థితిలో ఉంటాం. నిజంగా అవసరమున్న వాళ్లు తీసుకుంటే తప్పేం లేదు, పైగా అది వడ్డీ లేని డబ్బు. మాకు చూడడం చాలు.

మావారిప్పుడు గురువారం సాయంత్రాలు తనే ఫోన్ తీసి చూసి "నీ బిల్లు పాసయింది" అంటున్నారు. పిల్లలకు ఆ మాట ఎక్కడిదో తెలియదు, వాళ్లూ అదే అంటున్నారు. మేం "పడిందా?" అనుకోవడం మానేసి చాలా వారాలైంది.

ఈస్టరు వస్తోంది. గుడ్ ఫ్రైడే, ఆ తర్వాతి సోమవారం రెండూ సెలవులే కాబట్టి ఆ వారం జీతం గురువారమే పడాలి. అంటే ఫైలు మంగళవారం రాత్రికి వెళ్లాలి, మాకు బుధవారం కనబడాలి. వంటింటి క్యాలెండర్లో, పాల లెక్కకు అమ్మ పెట్టినట్టే, ఆ బుధవారం చుట్టూ ఒక సున్నా చుట్టాను. మేనేజరు ఈసారి ఎప్పుడు సెలవులో వెళ్తున్నాడో కనుక్కోమని మావారికి చెప్పాను.